మడమతో పిలిచే ఇల్లు

అది 2018. ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ల వీధి వెనక ఒక మేడ మీద పిల్లల మానసిక ఆరోగ్య క్లినిక్ ఉండేది. కింద చీరల గోడౌన్, పైన మేము. బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులు చాలామంది ముందు గోడౌన్‌లోకే వెళ్లి, "పిల్లోళ్ల డాక్టరు ఈడేనా?" అని అడిగేవాళ్లు. అక్కడి గుమాస్తా చీర మడత వదలకుండానే గడ్డంతో పైకి చూపించేవాడు. నేను ఆ క్లినిక్‌లో లెక్కలు చూసేదాన్ని. డబ్బుల లెక్కలు కావు. పిల్లల గురించి పెద్దవాళ్లు చెప్పే మాటలను అంకెలుగా మార్చి, ఆ అంకెలు నమ్మదగినవో కావో తేల్చే లెక్కలు.

దానికి తగిన చదువు నాకు లేదు. బి.ఏ. చదివి, చెనక్కాయల నూనె మిల్లులో చాలా ఏళ్లు పద్దులు రాశాను. మిల్లు మూతపడ్డాక ఈ క్లినిక్‌లో కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే పనికి చేరాను. ఎక్కించే అంకెలు ఏమిటో అర్థం కాకపోతే నాకు మనసు ఒప్పదు. పాత పుస్తకాల అంగట్లో దొరికిన స్టాటిస్టిక్స్ పుస్తకాలు తెచ్చుకొని, అర్థం కానిచోట డాక్టరు గారిని అడిగి నేర్చుకున్నాను. డాక్టర్ సుధాకర్ గారు నాకంటే వయసులో చిన్న. పిల్లల సైకాలజీలో పరిశోధన చేసినవాడు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోడు. "మీరడిగితేనే నాకూ తెలిసేది విజయమ్మగారూ, నాకు తెలుసో లేదో" అనేవాడు.

అప్పుడు మేం చేస్తున్న పని ఒక స్కేల్ తయారు చేయడం. స్కేల్ అంటే ప్రశ్నల వరస. బిడ్డ నలుగురితో కలుస్తుందా, చెప్పిన పని చేస్తుందా, మాట వయసుకు తగ్గట్టు ఉందా అని అడిగి, లోటు ఎక్కువైతే పెద్ద అంకె అన్నట్టు ప్రతి జవాబుకు ఒక అంకె వేసి, మొత్తం కూడితే వచ్చేది స్కోరు. ఒక గీత దాటితే బిడ్డకు సాయం అవసరమని అర్థం. ఆ గీతను కటాఫ్ అంటారు. ఇలాంటి స్కేళ్లు బయటి దేశాల్లో చాలా ఉన్నాయి. తెలుగులోకి దించుకొని వాడుకుంటే సరిపోతుందనే మేమూ మొదలుపెట్టాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడుచోట్లా బడుల్లో పరీక్షించి చూడాలని అనుకున్నాం. పులివెందుల దగ్గర ఒక అరటితోటలో మొదటి తల్లి దగ్గరే మా తెలుగుసేత తేలిపోయింది. "మీ వాడు తన మంచం మీద ఒక్కడే పడుకోవడానికి భయపడతాడా?" అని డాక్టరు గారు చదివితే ఆమె నవ్వాపుకోలేకపోయింది. "వానికి మంచమా సార్? మా ఇంట్లో మంచముండేది మా మామకొక్కనికే. ఆయన్ను దింపి వీణ్ణి ఎక్కించమంటారా?" ఆ ప్రశ్న కొట్టేశాం. అట్లా కొట్టేసి, మార్చి, కొత్తవి చేర్చి, ఏడాది తిరిగేసరికి మా ప్రాంతానికి సరిపోయే ఒక రూపం తయారైంది.

అందులో రెండు సంగతులు ఇక్కడ చెప్పాలి. ఒకటి, ప్రతి బిడ్డ గురించి ఇద్దరిని అడిగేవాళ్లం, ఇంట్లో తల్లిని, బడిలో టీచర్‌ని. జవాబు చెప్పేవాళ్లను ఇన్‌ఫార్మెంట్ అంటారు. ఇద్దరి స్కోర్లనూ కలిపి ఒక అంకె తేల్చే పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. మోడల్ అనేవాళ్లం దాన్ని. పెద్ద పేరే కానీ, ఇద్దరి మాటా సమానంగా తీసుకొని సగటు చేయడం, అంతే. రెండోది, అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న ఉండేది: "పిలిస్తే పలుకుతుందా?" లేదంటే బిడ్డను చెవుల పరీక్షకు కడపకు పంపాలి. ఔనంటే మిగతా ప్రశ్నలకు పోవాలి. కడపకు పోయి రావాలంటే ఒక దినం కూలి పోతుంది కాబట్టి అవసరమైన వాళ్లనే పంపాలని ఈ ఏర్పాటు. ఈ ఒక్క ప్రశ్నకు తల్లి మాటే తీసుకునేవాళ్లం. బిడ్డ వింటుందో లేదో తల్లి కంటే ఎవరికి తెలుస్తుంది?

ఆ స్కేల్ తయారైన ఎండాకాలం మొదట్లో జమ్మలమడుగు నుంచి లక్ష్మీదేవి అనే ఆమె ఆరేళ్ల కూతుర్ని తీసుకొని వచ్చింది. పాప పేరు హారిక. మగ్గం నేసే ఇల్లు. భర్త ఓబులేసు చీరలు నేస్తాడు, ఆమె నూలు కండెలకు చుట్టి ఇస్తుంది. పాప రెండు జడల్లోనూ కనకాంబరాలు. వచ్చిన వెంటనే నా బల్ల కింద దూరి కంప్యూటర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. లోపల ఫ్యాన్ తిరిగే అదురు చేతికి తగులుతుంటే నవ్వుకుంటోంది. ముద్దుగా ఉందనుకున్నానే కానీ అంతకుమించి ఆలోచించలేదు.

లక్ష్మీదేవికి వచ్చిన కష్టం ఇది. పాప బడిలో మాట్లాడదు. టీచరు చెప్పింది చెయ్యదు. తన లోకంలో తానుంటుంది. రెండో తరగతికి పంపలేమని బడివాళ్లు చెప్పారు. ఓబులేసు వాళ్లన్న కర్నూలు వైపు ఎక్కడో బుద్ధి ఎదగని పిల్లల హాస్టల్ ఉందని విని, అక్కడ చేర్పిద్దామంటున్నాడు. చేర్పించాలంటే ముందు సర్టిఫికెట్ కావాలి, దానికి మా క్లినిక్ రిపోర్టు కావాలి. ఓబులేసు సరేనన్నాడు. ఆమె అనలేదు.

"అక్కా, నువ్వేనంట కదా లెక్కేసేది," అంది నా బల్ల మీదికి వంగి. "నా బిడ్డకు తక్కువని రాయొద్దు. రాస్తే ఎత్తుకపోయి హాస్టల్లో ఏస్తారు. రాత్రి నా చెయ్యి మీద తలపెట్టుకుంటే గానీ నిద్రపోదు అది. ఆడ ఎవరి చెయ్యి ఉంటాది దానికి?"

"ఉన్నది ఉన్నట్టు రాస్తామమ్మా. ముందు అడిగేటివి చెప్పు."

"ఉన్నది ఉన్నట్టే రాయి. అంతకంటే ఏమొద్దు నాకు."

ప్రశ్నలు నేనే చదివాను. పిలిస్తే పలుకుతుందా?

"ఎందుకు పలకదు? యాడున్నా తిరిగి చూస్తాది. మా ఇంట్లో అందరి కంటే ముందు పలికేది అదే."

చెప్పిన పని చేస్తుందా? చేస్తుంది, కండెలు అందిస్తుంది, రంగు తప్పకుండా. పెద్దవాళ్ల ముఖం చూసి వాళ్ల మనసు తెలుసుకుంటుందా? "నేను ఏడిస్తే నాకంటే ముందు ఏడుస్తాది." మాట? అక్కడ లక్ష్మీదేవి కాస్త ఆగింది. "మాట ముద్దముద్దగా వస్తాది. తక్కువ. మా ఇంట్లో ఎవురూ ఎక్కువ మాట్లాడరులేక్కా. మగ్గం కాడ ఏం మాటలుంటాయి?"

తల్లి స్కోరు కటాఫ్‌కు చాలా కింద వచ్చింది. మరుసటి వారం బడి నుంచి టీచరు స్కోరు వచ్చింది. అది కటాఫ్‌కు చాలా పైన ఉంది. టీచరు పేరు రమణమ్మ. శ్రద్ధగల మనిషి. ప్రతి జవాబు పక్కన ఒక వాక్యం రాసింది కూడా. పిలిస్తే పలకదు. కథ చెబుతుంటే కిటికీ వైపు చూస్తుంది. అందరూ లేచి నిలబడ్డాక చూసి నిలబడుతుంది. డాక్టరు గారు ఫోన్ చేస్తే ఆమె ఇంకోమాట కూడా అంది. "తల్లి దాస్తాంది సార్. తల్లి మనసు కదా, తప్పు పట్టలేం. కానీ బిడ్డకు నష్టం జరుగుతాది."

ఆ సంగతి నేను నోరు జారి లక్ష్మీదేవికి ఫోన్‌లో చెప్పాను. "నేనేమన్నా అబద్ధాలదాన్నా అక్కా?" అంది. "ఆయమ్మకు నా బిడ్డంటే పడదు. మొండిదంటాది, చెవిలో ఏసుకోదంటాది. ఒకసారి మా ఇంటికొచ్చి చూడమను, ఆ పొద్దు చెప్పమను."

రెండు స్కోర్లనూ మోడల్‌లో వేస్తే వచ్చిన అంకె కటాఫ్‌ను కొద్దిగా దాటింది. మా రిపోర్టు భాషలో "మధ్యస్థ స్థాయి సమస్య". హాస్టల్‌లో చేర్పించడానికి అది చాలు. కాగితం ప్రింట్ తీసి డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన పెన్ను తీసి, మూత పెట్టి, మళ్లీ తీశాడు.

"విజయమ్మగారూ, ఈ మధ్యస్థంగా ఉండే పాపను ఎవరైనా చూశారా?"

"అంటే సార్?"

"తల్లి చూసిన పాపకు సమస్య లేదు. టీచరు చూసిన పాపకు పెద్ద సమస్య. మనం రాసిన పాప వీళ్లిద్దరిలో ఎవరికీ తెలియదు కదా."

అది నా బుర్రలో ఇరుక్కుంది. మిల్లులో ఒక తూకం ఎక్కువా ఇంకో తూకం తక్కువా చూపిస్తే మేం సగటు తీసేవాళ్లం కాదు. తక్కెడ దగ్గరికి పోయి చూసేవాళ్లం. జమ్మలమడుగుకు పోయి వద్దామని ఆయనన్నాడు. సంతకం లేని రిపోర్టు సొరుగులో పెట్టి, మరుసటి పొద్దున ఇద్దరం బస్సెక్కాం.

వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు వినిపించింది. ఓబులేసు ఇంట్లో ముందు గదంతా మగ్గమే. నేలలో గుంత, గుంతలో కాళ్లు పెట్టుకొని ఓబులేసు. పాదాలు తొక్కుడు చెక్కల మీద, చేతిలో నాడెను అటూ ఇటూ విసిరే తాడు. గుంత చుట్టూ నల్ల కడప బండలు పరిచి ఉన్నాయి. ఇసుక మీద పరిచినవి, అరిగి వదులయ్యాయి. నేను అడుగుపెడితే కాలి కింద బండ కదిలింది. గోడవారగా ఓబులేసు తల్లి కూర్చొని నూలు చిక్కు తీస్తోంది. హారిక బండ మీద బాసిపట్టు వేసుకొని రంగుల కండెలు వరసగా పేరుస్తోంది.

"రాండి, రాండి," అంది ముసలామె పెద్ద గొంతుతో. "మా పాపకు తెలివి ఉండాదో లేదో తూకమేసేది మీరేనా?"

"అత్తా, గమ్మునుండు!" అంది లక్ష్మీదేవి.

"ఏం గమ్మునుండేది? తూకమేసేటోళ్లను అడగద్దా?"

డాక్టరు గారు నవ్వి, "ముందు మమ్మల్నే తూకమేయి పెద్దమ్మా," అన్నాడు. మగ్గం ఆగలేదు. నేత ఆపితే ఆ పూట పని వెనకబడుతుందని ఓబులేసు తల ఊపి పలకరించి తన పని తాను చేసుకుంటున్నాడు. ఆ చప్పుడులో మేమందరం అరుచుకుంటూ మాట్లాడుతున్నాం.

లక్ష్మీదేవి మాకు చూపించాలనే పట్టుదలతో ఉంది. గదికి ఆ చివర రాట్నం దగ్గర నిలబడి, "హారీ!" అని కేకేసింది. పాప వెంటనే తల తిప్పింది. "ఎర్రది తే!" అంటూ చెయ్యి చాపితే ఎర్ర కండె తీసుకొని పరిగెత్తింది. ఇంకోసారి పిలిచింది, మళ్లీ తిరిగింది. మగ్గం అంత మోతలో ఉంటే, నాకు సగం వినబడని పిలుపుకు ఆ పిల్ల తిరిగింది.

"చూసినారా?" అంది లక్ష్మీదేవి. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. "ఇంగ ఆయమ్మకు చెప్పండి."

నాకు ఆ క్షణంలో టీచరు మీదే కోపమొచ్చింది. డాక్టరు గారు మాత్రం పాపతో కొంచెంసేపు ఆడుకుంటానన్నాడు. సంచిలోంచి చెక్క ముక్కలు తీశాడు. నేల మీద జాగా లేక, మూలనున్న నులకమంచం మీద పాపను కూర్చోబెట్టి తానూ కూర్చున్నాడు. పాప కాళ్లు నేలకు అందక గాల్లో ఊగుతున్నాయి. చెక్కముక్కలు చకచకా పేర్చింది. పెద్దది కింద, చిన్నది పైన. ఆయన ఒకటి తప్పుగా పెడితే పాప తీసి, సరిగ్గా పెట్టి, ఆయన ముఖంలోకి చూసి నవ్వింది.

"లక్ష్మీదేవీ, ఇప్పుడు పిలువు," అన్నాడు ఆయన.

"హారీ!"

పాప తిరగలేదు.

"హారీ! ఓ హారీ!" లక్ష్మీదేవి గొంతు పెంచింది. పాప ఇంకో చెక్క పెట్టింది. లక్ష్మీదేవి ముఖం ఎర్రబడింది. "ఏమే, ఇంతసేపూ బాగా పలికి ఇప్పుడేమొచ్చినాదే నీకు? అందరి ముందర నా పరువు తీస్తావా?"

గోడవారనుంచి ముసలామె చిక్కు తీస్తూనే అంది. "మంచం మీద ఉంటే యాడ పలుకుతాదే? కిందికి దింపు, కాళ్లు బండ మీద పెట్టించు. అప్పుడు పిలువు."

లక్ష్మీదేవికి ఆ మాట వింతగా తోచినట్టు లేదు. వచ్చి పాపను దింపబోయింది. డాక్టరు గారు ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేసి ఆపాడు. "ఓబులేసూ, ఒక్క నిమిషం మగ్గం ఆపప్పా," అన్నాడు. మగ్గం ఆగింది. ఆ నిశ్శబ్దంలో వీధిలో పక్కింటి మగ్గం వినబడింది.

"పెద్దమ్మా, కాళ్లు బండ మీద ఎందుకు పెట్టాల?"

"ఎందుకేంది సామీ? మగ్గం ఆడతాంటే నోటి పిలుపు ఎవరికి వినపడతాది? మా అత్త కాలం నుంచి ఈ ఇంట్లో పిలవాలంటే మడమతో బండ మీద ఒకటి ఏసి పిలుస్తాం. అదురు తెలిసి తిరుగుతారు. నన్నట్లనే పిలుస్తారు, వాణ్ణి అట్లనే పిలుస్తారు. దాన్నీ అంతే."

"నేను నోటితో కదా పిలుస్తా," అంది లక్ష్మీదేవి. ఆ మాట అంటూనే తన కాలి వైపు చూసుకుంది. పిలిచినప్పుడల్లా ఆమె మడమ బండ మీద పడేది. అది ఆమెకూ తెలియదు, ఎదురుగా నిలబడ్డ నాకూ కనబడలేదు.

డాక్టరు గారు పాపను నేల మీద నిలబెట్టి, వెనక్కి పోయి, మెల్లగా పిలిచాడు. గట్టిగా పిలిచాడు. చప్పట్లు కొట్టాడు. పాప నాకేసి చూస్తూ నా గాజులు లెక్కపెడుతున్నట్టు వేళ్లు ఆడించింది. ఆయన మడమతో బండ మీద ఒక్కటి వేశాడు. పాప తిరిగి ఆయనను చూసి నవ్వింది.

ముసలామె ముందు తేరుకుంది. "చెవుడంటారా? చెవుడు నాది. అరవై ఏండ్లు మగ్గం కాడ కూచున్నదాన్ని. చిన్నబిడ్డకు చెవుడేంది?" ఆమె చేతిలోని నూలు మళ్లీ చిక్కుపడింది. ఓబులేసు గుంతలోంచి పైకి రాలేదు. నాడె తాడు చేతికి చుట్టుకొని, విప్పుకొని, చుట్టుకొని కూర్చున్నాడు. "మా అన్న చెప్తే సరేనన్నాను సార్," అన్నాడు చివరకు. "దానికి బుద్ధి లేదంటే నమ్మినాను."

లక్ష్మీదేవి పాపను ఎత్తుకొని నా దగ్గరికి వచ్చింది. "నేను అబద్ధం చెప్పలేదు కదక్కా?"

"లేదమ్మా. నువ్వు చూసింది నువ్వు చెప్పినావు. టీచరు చూసింది ఆమె చెప్పినాది. ఇద్దరూ నిజమే చెప్పినారు."

కడపలో ఆడియోమెట్రీ చేయించాం. ఒక్కో రకం శబ్దం ఎంత గట్టిగా ఉంటే చెవికి తెలుస్తుందో కొలిచే పరీక్ష అది. పాపకు డప్పు మోత లాంటి లావు శబ్దాలు కొంతవరకు తెలుస్తాయి. మాటల్లో ఉండే సన్న శబ్దాలు దాదాపు తెలియవు. పుట్టుకతోనే అలా ఉండి ఉంటుందన్నారు. బుద్ధికి ఏ లోటూ లేదు. నిజానికి వినబడని మాటలన్నీ ముఖాలు చూసి, అదురు పట్టి, రంగులు గుర్తుపెట్టుకొని ఇన్నాళ్లు నెట్టుకొచ్చిందంటే ఆ బుద్ధి మామూలుది కాదని డాక్టరు గారన్నాడు. మగ్గం ఆడేంతసేపు ఆ ఇంట్లో అందరికీ చెవుడే కాబట్టి, పాప చెవుడు ఎవరికీ వేరుగా కనబడలేదు. సొరుగులో పెట్టిన రిపోర్టు చించేసి, కొత్తది రాశాం. హాస్టల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అన్నీ తీరిపోయాయని చెప్పను. చెవి మిషన్లు రావడానికి నెలలు పట్టింది. వచ్చాక మాట నేర్పే టీచరు కోసం వారం వారం ప్రొద్దుటూరుకు రావాల్సి వచ్చింది. ఆరేళ్లు ఆలస్యమైన మాట ఆర్నెల్లలో రాదు. ఇప్పటికీ హారిక మాట కొత్తవాళ్లకు వెంటనే అర్థం కాదు. రమణమ్మ టీచరు పాపను ముందు వరసలో కూర్చోబెట్టుకొంది. క్లినిక్‌కు వచ్చి లక్ష్మీదేవి పక్కన కూర్చొని, "దాన్ని మొండిదన్నాను, నిన్ను దాస్తున్నావన్నాను," అంది. లక్ష్మీదేవి ఆమె వైపు చూడకుండా, "నేనూ నిన్ను శానా అన్నాలే అమ్మా, నీకు వినపడలేదు," అంది. ఇద్దరూ నవ్వారు, కొంచెం ఏడ్చారు కూడా.

మా స్కేల్‌లో ఆ మొదటి ప్రశ్న తీసేశాం. జవాబు ఏదైనా, ప్రతి బిడ్డకూ ముందు చెవుల పరీక్ష. అందరినీ కడపకు తిప్పలేక, నెలకోసారి పరీక్ష చేసేవాళ్లనే క్లినిక్‌కు రప్పించే ఏర్పాటు డాక్టరు గారు తిరిగి తిరిగి సాధించాడు. సగటు తీసే మోడల్ కూడా పోయింది. తల్లి, టీచరు బాగా తేడాగా చెప్పిన పిల్లల జవాబులన్నీ మళ్లీ బయటికి తీసి, పులివెందులలోనూ కలమల్ల కరెంటు ప్లాంటు క్వార్టర్లలోనూ ఇళ్లకు పోయి చూశాం. హారిక లాంటి సంగతి ఇంకోటి దొరకలేదు. కానీ ప్రతి తేడాకూ ఏదో ఒక కారణం దొరికింది. ఒక పిల్లవాడు ఇంట్లో పెంకి, బడిలో బుద్ధిమంతుడు. వాళ్ల నాయన నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటాడు కాబట్టి ఇంట్లో గట్టిగా కదిలినా తిట్లే. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు నిలబడ్డ చోటునుంచి వాళ్లు చూశారు.

మిషన్లు పెట్టిన తర్వాత ఒకసారి జమ్మలమడుగు పోయాను. మొదటి రోజు మగ్గం మోతకు పాప చెవులు మూసుకొని ఏడ్చిందని చెప్పారు. ఇప్పుడు మగ్గం ఆడేటప్పుడు మిషన్లు తీసి దేవుని గూట్లో పెడుతుంది, ఆగాక పెట్టుకుంటుంది. నేను కూర్చున్నంతసేపట్లో ఓబులేసు చాలాసార్లు మగ్గం ఆపాడు. ఆపి, పాప మిషన్లు పెట్టుకునేదాకా ఆగి, "హారీ, ఈడికి రా" అనేవాడు. పాప మిషన్ సర్దుకొని, "ఏందినాయినా?" అనేది. అది వినడానికే ఆపుతున్నాడని నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

"చూసినావా సోద్యం," అంది ముసలామె నాతో. "దానికి చెవులొచ్చినాయి, వీనికి నోరొచ్చినాది. చీర మాత్రం ముందుకు పోలా."

అంకెలంటే నాకు ఇప్పటికీ నమ్మకమే. అయితే ఒకే బిడ్డకు రెండు స్కోర్లు కలవనప్పుడు లోపం అంకెలో ఉందని అనుకోను, మనిషిలో ఉందనీ అనుకోను. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్లు ఎక్కడ నిలబడి ఉన్నారో, కాలి కింద ఏముందో నాకింకా తెలియదని అనుకుంటాను. ఆ లెక్క కుర్చీలో కూర్చొని తేలదు కాబట్టి, ముందు చెప్పులు వేసుకుంటాను.